ఒక్క ముక్క తక్కువైతే తోసెయ్యాలా, పడేయాలా?

సంక్రాంతి రాత్రి హన్మకొండలో మా డాబా మీద పోకర్ ఆట. కొత్తవాడలో నేసిన జంపఖానా పరిచి ఆరుగురం చుట్టూ కూర్చున్నాం. తలా వంద చింతగింజలు. మామూలు గింజ ఒకటి లెక్క, అష్టాచెమ్మా కోసం ఒకవైపు తెల్లగా అరగదీసిన గింజ పది లెక్క. జంపఖానా నడుమ ఒక ఎర్ర చార ఉంది. గింజ ఆ చార దాటిందంటే ఇక మనది కాదు, గెలిచినవాడికి పోయే ఉమ్మడి కుప్పది, అంటే పాట్‌ది. మొదటి ముగ్గురికీ తలా ఒక సకినాల డబ్బా.

నా చేతిలో ఆటీను పది, ఆటీను ఏడు. అందరికీ ఉమ్మడిగా నేల మీద మొదట పరిచే మూడు ముక్కలను ఫ్లాప్ అంటారు. ఫ్లాప్‌లో ఆటీను రాజు, ఇస్పేటు తొమ్మిది, ఆటీను నాలుగు పడ్డాయి. ఇంకొక్క ఆటీను వస్తే ఫ్లష్, అంటే ఒకే రంగువి ఐదు. పాట్‌లో 60 గింజలు, నా ముందు 80. ఆటలో మిగిలింది నేనూ, భూపాలపల్లి నుంచి వచ్చిన మా బావా. ముందు మాట నాది. గింజలేవీ పెట్టకుండా చెక్ అన్నాను. బావ 30 పెట్టాడు. నేనూ 30 కలిపాను. టర్న్‌లో కళావరు రెండు పడింది, అది నాలుగో ఉమ్మడి ముక్క. మళ్ళీ చెక్ అన్నాను. బావ నా ముందున్న కుప్ప వైపు చూసి, దానికి సరిపడా 50 చార దాటించాడు.

"ఉన్నయన్ని పెడ్తవా బామ్మర్ది?"

పడేశాను, అంటే చేయి వదులుకున్నాను. ఆ పడేయడం సరైనదే. పాట్‌లో అప్పటికి 170 ఉన్నాయి, నేను పెట్టాల్సింది 50. అంటే మొత్తం 220లో 50, దాదాపు 23 శాతం. ఇక ఒక్క ముక్కే మిగిలింది. కనబడని 46 ముక్కల్లో నాకు పనికొచ్చే ఆటీన్లు తొమ్మిది, అంటే 19.6 శాతం. ధర ఎక్కువ, అవకాశం తక్కువ. తప్పు అంతకుముందే జరిగింది. ఫ్లాప్ దగ్గర నేను తోయనూ లేదు, అంటే ఉన్న గింజలన్నీ ఒకేసారి పెట్టనూ లేదు, పడేయనూ లేదు. 30 గింజలిచ్చి ఒక్క ముక్క చూశాను. డ్రా చేతుల్లో, అంటే కుదరడానికి ఇంకా ముక్క రావాల్సిన చేతుల్లో, గింజలు ఎక్కువగా కారిపోయేది ఈ నడిమి దారిలోనే. ఈ వ్యాసంలో నేను చెప్పేదంతా దాని చుట్టే తిరుగుతుంది.

మన దగ్గర పేక పట్టిన ప్రతివాళ్ళకీ రమ్మీ వచ్చు. అందుకే రమ్మీ అలవాట్లు పోకర్‌లోకి కూడా వచ్చేస్తాయి. రమ్మీలో చేయి బాగా లేకపోతే మొదట్లోనే డ్రాప్ అయితే 20 పాయింట్లు, ఒక ముక్క ఎత్తాక డ్రాప్ అయితే 40, పట్టుకుని కూర్చుని దొరికిపోతే ఫుల్ కౌంట్ 80. అక్కడ వదులుకోవడానికి ఒక ధర ఉంది, ఆ ధర మధ్యలో రెట్టింపవుతుంది. అందుకే "40 ఎట్లాగూ పోతయి, ఇంకో రెండు ముక్కలు చూద్దాం" అనుకోవడంలో అర్థం ఉంది. పోకర్‌లో పడేయడానికి కొత్తగా ఇచ్చేదేమీ లేదు. చార దాటిన గింజలు అప్పటికే పోయాయి. "ఇంత పెట్టినం కదా" అన్న మాటకు రమ్మీలో ఉన్న విలువ ఇక్కడ లేదు.

రెండో తేడా ఇంకా పెద్దది. రమ్మీలో ప్యూర్ సీక్వెన్స్ కుదరాలంటే నా ముక్క నాకు రావాలి, అంతే. నేను ఎంత ధీమాగా కూర్చున్నా, ఆ ధీమా చూసి మంచి చేయి ఉన్నవాడు డ్రాప్ అవడు. పోకర్‌లో గెలవడానికి రెండు తలుపులున్నాయి. ముక్క రావడం ఒకటి. ఎదుటివాడు పడేయడం రెండోది. నేను కేవలం కలిపితే, అంటే కాల్ చేస్తే, మొదటి తలుపు ఒక్కటే తెరిచినట్టు. తోసేస్తే రెండూ తెరిచినట్టు. పోకర్ ఆడేవాళ్ళు దీన్ని సెమీ బ్లఫ్ అంటారు. చేయి ఇంకా కుదరలేదు కాబట్టి అది బ్లఫ్. కుదిరే దారి ఉంది కాబట్టి పూర్తి బ్లఫ్ కాదు.

అందువల్ల "ముక్క వస్తదా?" అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. అది చేతిలో లేని విషయం, దాని శాతం ఎప్పుడూ ఒక్కటే. "వాడు వదుల్తడా?" అన్నదే ముందు అడగాల్సిన ప్రశ్న.

అయినా శాతాలు నోటికి వచ్చి ఉండాలి. ఒకే రంగువి నాలుగు ఉండి ఐదోదాని కోసం చూస్తుంటే పనికొచ్చే ముక్కలు తొమ్మిది. ఇలా పనికొచ్చే ముక్కలనే ఔట్లు అంటారు. ఫ్లాప్ నుంచి రివర్ దాకా, అంటే ఐదోదైన చివరి ముక్క దాకా, రెండు ముక్కలూ చూడగలిగితే తొమ్మిది ఔట్లకు 35 శాతం. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది ఉండి ఐదో పదో వస్తే చాలన్నట్టు రెండు వైపులా తెరిచి ఉన్న వరసకు ఎనిమిది ఔట్లు, 31.5 శాతం. మధ్యలో ఒక్క ముక్క తగ్గిన వరసకు నాలుగే ఔట్లు, 16.5 శాతం. రంగూ, రెండు వైపులా తెరిచిన వరసా కలిసి వస్తే పదిహేను ఔట్లు, 54 శాతం. నోటి లెక్కకు ఒక ఉపాయం ఉంది. రెండు ముక్కలు మిగిలి ఉంటే ఔట్లను నాలుగుతో, ఒక్కటే మిగిలి ఉంటే రెండుతో హెచ్చించండి. తొమ్మిది నాల్గుల ముప్పై ఆరు, దాదాపు సరిపోయింది. పదిహేను ఔట్లకు మాత్రం ఈ ఉపాయం 60 అని చెప్పి మోసం చేస్తుంది. ఔట్లు పెరిగేకొద్దీ కొంచెం తగ్గించుకుని చూడాలి.

ఇక్కడే చాలామంది కాలు జారతారు. 35 శాతం అన్నది రెండు ముక్కలూ చూస్తామన్న హామీ ఉంటేనే. ఆ హామీ ఆల్ ఇన్ అయినప్పుడే, అంటే గింజలన్నీ పెట్టేసినప్పుడే దొరుకుతుంది. నేను బావకు 30 ఇచ్చినప్పుడు పాట్‌తో కలిపి 120లో 30, అంటే 25 శాతం ధర. 35 కంటే తక్కువే కదా అని మనసు చెప్పింది. కానీ ఆ 30 నాకు కొనిపెట్టింది టర్న్ ముక్క ఒక్కటే, దానికి అవకాశం 19 శాతం. రివర్ చూడాలంటే బావ ఇంకో ధర అడిగాడు. ఒక్క ముక్కకు ధర కట్టి, రెండు ముక్కల శాతం వేసుకున్నాను.

"ముక్క వస్తే తర్వాత ఇంకా గెలుస్తం కదన్నా" అని మా చిన్నమ్మ కొడుకు వాదించాడు. మాకు పోకర్ నేర్పింది వాడే. మాట న్యాయమైనదే. ముక్క వచ్చాక బావ మిగతా 50 కూడా ఇచ్చేవాడని ఖాయంగా తెలిస్తే, నా 30కి 140 వచ్చే అవకాశం ఉన్నట్టు. అప్పుడు 17.6 శాతం చాలు, నా 19 దాటుతుంది. కానీ నేల మీద మూడో ఆటీను పడ్డప్పుడు అది అందరి కళ్ళకూ కనబడుతుంది. అక్కడ ఎంత మంచి రాజు చేతిలో ఉన్నా బావ చేయి వెనక్కి పోతుంది. వరస అయితే వేరు. ఇస్పేటు తొమ్మిది మీద కళావరు ఐదు పడితే ఎవరూ ఉలిక్కిపడరు. తర్వాత దొరికే గింజల మీద ఆశ పెట్టుకుని కలపాలంటే అది వరసకే ఎక్కువ నప్పుతుంది, రంగుకు తక్కువ.

ఇప్పుడు ఆ రాత్రి చేయిని మళ్ళీ మొదటి నుంచి వేసి చూద్దాం. చెక్ అనకుండా, ముందు మాట నాదే కాబట్టి, నా 80 మొత్తం తోసేసి ఉంటే?

బావ పడేస్తే 60 నావి. కలిపితే నూటికి 35 సార్లు నేను 140 గెలుస్తాను, 65 సార్లు 80 పోగొట్టుకుంటాను. 49లో నుంచి 52 తీసేస్తే సగటున మూడు గింజల నష్టం. బావ ప్రతిసారీ కలిపినా పోయేది మూడంటే మూడు గింజలు! ఇరవైసార్లలో ఒక్కసారి పడేసినా నష్టం పూడిపోతుంది. పదిసార్లలో మూడుసార్లు పడేస్తే సగటున దాదాపు 16 గింజలు మిగులుతాయి. ఇది కాగితం మీద వేసినప్పుడు నాకు చాలాసేపు నమ్మకం కలగలేదు. మళ్ళీ మళ్ళీ వేసి చూశాను.

అదే 80ని బావ 30 పెట్టిన తర్వాత తోస్తే? మొదట చూడ్డానికి ఇంకా లాభంగా ఉంటుంది, ఎందుకంటే పడేస్తే 60 కాదు, 90 వస్తాయి. కానీ బావ వైపు నుంచి చూడండి. ఇప్పుడు అతను కలపాల్సింది 50, పాట్‌లో ఉన్నది 170. అతనికి 23 శాతం అవకాశం ఉంటే చాలు. రాజు చేతిలో ఉన్నవాడు దానికి పడేయడు, పడేయకూడదు కూడా. నేను ముందే తోసి ఉంటే అతను 80 పెట్టి 140 కోసం ఆడాలి, 36 శాతం కావాలి. తొమ్మిది జత పట్టుకున్నవాడో, ఐదుల జత ఉన్నవాడో ఆ ధరకు తల గోక్కుంటాడు. గింజలు అవే, ముక్కలు అవే. ముందు తోసినవాడు ఎదుటివాడి ముందు ప్రశ్న పెడతాడు, తర్వాత తోసినవాడికి ఆ బరువు సగం తగ్గిపోతుంది. డ్రా చేయితో తోయాలని ఉంటే ముందు తోయండి. రెండోవాడిగా తోయాలంటే, వాడు వెనక్కి తగ్గేటంత గింజలు మీ దగ్గర మిగిలి ఉండాలి.

మరి ఎన్ని గింజలుంటే తోయాలి? నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, పాట్‌కూ మన కుప్పకూ ఉన్న నిష్పత్తి. పాట్ 60 ఉండగా 80 తోయడం చూశాం. అదే పాట్‌కు 300 తోస్తే, బావ కలిపినప్పుడల్లా సగటున 69 పోతాయి. సగానికి పైగా, దాదాపు 54 శాతం సార్లు అతను పడేస్తేనే లాభం. పైగా 300 చూసి కూడా కలిపేవాడి చేతిలో మామూలు జత ఉండదు, ఒకే అంకె మూడు పట్టుకుని ఉంటాడు. అలాంటి చేయి మీద మన ఫ్లష్ అవకాశం 35 నుంచి నాలుగో వంతుకు పడిపోతుంది. మనకు ఆటీను పడినా, నేల మీద ఒక జత ఏర్పడితే అతనికి ఫ్లష్‌ను కొట్టే ఫుల్ హౌస్ కుదురుతుంది. అంత పెద్ద కుప్పతో తోయకండి. ధర చవకగా ఉంటే ఒక్క ముక్క చూడండి, లేకపోతే పడేయండి.

మరీ చిన్న కుప్ప, 15 గింజలే ఉన్నాయనుకోండి. వాటిని చూసి ఎవరూ పడేయరు. అయినా తోయాలి, ఎందుకంటే 60 పాట్‌లోకి 15 పెడితే 35 శాతానికి ఎప్పుడూ కలిపినా లాభమే. ఇక్కడ భయపెట్టడం లేదు, ధర ఒక్కటే ఉంది. పాట్‌కు సమానం నుంచి ఒకటిన్నర రెట్ల దాకా ఉన్న కుప్పే తోయడానికి తగినది. దానికంటే పెద్దదైతే పోయేది ఎక్కువ, చిన్నదైతే ఎవరూ బెదరరు.

టర్న్ దగ్గర తోయడం వేరే కథ. అదే 60 పాట్, అదే 80 కుప్ప, అదే ఫ్లష్ డ్రా. ఒక్క ముక్కే మిగిలితే ఎదుటివాడు 38 శాతం సార్లు పడేస్తే తప్ప లాభం రాదు. ఫ్లాప్‌లో 5 శాతం చాలింది. ఒక్క ముక్క తేడాకు ఇంత దూరం. "టర్న్ కూడా చూసి అప్పుడు తోద్దాం" అనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే, చూడ్డానికి డబ్బు కట్టి, తోసే బలం కూడా పోగొట్టుకుంటున్నారు.

మధ్యలో ముక్క తగ్గిన వరస, అదే నాలుగు ఔట్ల చేయి, ఫ్లాప్‌లో తోస్తే 42 శాతం సార్లు పడేయాలి. నేను దాన్ని పడేస్తాను. పదిహేను ఔట్ల చేయికి ఆలోచనే అక్కర్లేదు. ఆటీను ఎనిమిది, ఏడు చేతిలో ఉండి, ఆటీను తొమ్మిది, ఇస్పేటు ఆరు, ఆటీను రెండు పడితే, ఎదుటివాడు కలిపినా సగటున 39 గింజలు మనకే మిగులుతాయి. తోసెయ్యండి.

ఔట్లు లెక్కేసేటప్పుడు చెడ్డవాటిని తీసేయాలి. నేల మీద రెండు ఆటీన్లు ఉండగా మీరు వరస కోసం చూస్తుంటే, మీ ఎనిమిది ముక్కల్లో రెండు ఆటీన్లే. అవి పడితే మీ వరసతోపాటు ఇంకొకరి ఫ్లష్ కూడా కుదరవచ్చు. ఆరే లెక్క వేసుకోండి. చిన్న రంగు ముక్కలతో ఫ్లష్ కోసం చూస్తున్నప్పుడు కూడా ఇదే జాగ్రత్త. నేల మీద అప్పటికే ఒక జత ఉంటే ఇంకా ఎక్కువ.

ఇక మనిషి. లెక్కంతా వేశాక చివరికి ఎదురుగా కూర్చున్నది ఎవరన్నదే తేలుస్తుంది. కాజీపేటలో రైలు నడిపి రిటైరైన మా మామ చేతిలో రాజు ఉంటే వదలడు. ముప్పై ఏళ్ళు అలాగే ఆడాడు, ఇకముందూ అలాగే ఆడతాడు. ఆయన మీద రెండో తలుపు మూసే ఉంటుంది. అలాంటివాళ్ళ మీద డ్రాతో తోయడం కాదు, ధర చూసుకుని కలపడమో పడేయడమో చేయాలి. ముక్క వచ్చాక మాత్రం వాళ్ళే మొత్తం ఇస్తారు. బావ అలా కాదు. షిఫ్ట్ దిగి వచ్చి కూర్చున్న మనిషి, పెద్ద గొడవల్లోకి దిగడు, మధ్యరకం చేతులు తేలిగ్గా పడేస్తాడు. తోయాల్సింది ఆయన మీద. నేను ఆ రాత్రి సరిగ్గా ఆయన మీదే చెక్ అన్నాను, అది ఇప్పటికీ నన్ను పొడుస్తుంది. ఆటలో ఇద్దరు ఎదురుంటే ఇద్దరూ పడేయాలి. ఒక్కొక్కరు సగం సార్లు పడేసేవాళ్ళయినా, ఇద్దరూ కలిసి పడేసేది నాలుగోసారికి ఒకసారే.

నేను ఈ లెక్కలన్నీ గింజల్లో చెప్పడానికి కారణముంది. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడటం నేరం. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. అయితే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని మన రాష్ట్రం 2017లో సవరించి, నైపుణ్యం ఆటలకు ఉన్న మినహాయింపు తీసేసింది, ఆన్‌లైన్‌ను కూడా చట్టం కిందకి తెచ్చింది. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఫోన్లో ఆడి జీతాలు పోగొట్టుకున్న ఇళ్ళు మా వీధిలోనే చూశాను. గింజలతో ఆడండి. లెక్క మారదు, ఆటలో రుచీ తగ్గదు.

పై లెక్కలన్నిటినీ పక్కన పెట్టాల్సిన సందర్భం ఒకటుంది. అదే రాత్రి, పదకొండు దాటాక, నలుగురం మిగిలాం. డబ్బాలు మూడు. మా చెల్లె దగ్గర పన్నెండు గింజలే, బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన గింజలు, ఐదు, పది. ఇంకో రెండు చేతుల్లో ఆమె ఎటూ తేలిపోతుంది. మామ చేతిలో ఆటీను రాణి, ఆరు. ఫ్లాప్‌లో ఆటీను తొమ్మిది, డైమను ఆసు, ఆటీను మూడు. పాట్‌లో 100. తమ్ముడు మామ దగ్గరున్న 90కి సరిపడా తోశాడు. 280లో 90, అంటే 32 శాతం ధర. మామ అవకాశం 35. గింజల లెక్కలో కలపాలి.

కానీ గింజలు తినలేం, సకినాలు తింటాం. మామ గెలిస్తే 280 గింజలు వస్తాయి గాని మూడు డబ్బాలు రావు. ఓడితే ఇప్పుడే లేవాలి, డబ్బా లేదు. పడేస్తే 90 గింజలతో కూర్చుంటాడు, చెల్లె లేచేదాకా ఆగితే కనీసం మూడో డబ్బా దాదాపు ఖాయం. బహుమతి గీత దగ్గర పడ్డప్పుడు పోయే గింజ విలువ వచ్చే గింజ కంటే ఎక్కువ. అప్పుడు డ్రాతో కలపడానికి ధర బాగుంటే సరిపోదు, చాలా బాగుండాలి. అదే సమయంలో తోసేవాడికి ఇది వరం, ఎందుకంటే ఎదుటివాళ్ళందరికీ పడేయాలనే ఉంటుంది. తమ్ముడికి అది తెలుసు.

మామ చాలాసేపు చూశాడు. రెండు ముక్కలనీ బొటనవేలితో ఒకసారి ఎత్తి చూసి, మూసి, జంపఖానా మీద చార ఇవతలే బోర్లించాడు.

"తర్వాతి ముక్క చూస్త మామా, ఊర్కెనే" అని తమ్ముడు పేక వైపు చేయి చాపాడు. ఆటీను ఉందో లేదో చూడాలని మాకందరికీ ఉంది. ఉంటే మామ తప్పు చేశాడని, లేకపోతే ఒప్పు చేశాడని అనేవాళ్ళం, రెండూ నిజం కాదు. మామ పేక మీద అరచేయి పెట్టాడు.

"వద్దురా. కలిపెయ్యి."